కెనడా కోడలి వంశవృక్షం, మా ఇంటి నోటుబుక్కు

పాత రికార్డుల విషయంలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం వాళ్ల అదృష్టం చూస్తే నాకు కుళ్లుగా ఉంటుంది. మా అక్క కొడుకు మాంట్రియల్‌లో ఫ్రెంచ్ కెనడియన్ అమ్మాయిని చేసుకున్నాడు. ఆ కోడలికి పూర్వీకుల పేర్లు వెతికే పిచ్చి, ప్రొద్దుటూరులో కూర్చున్న నాకు వాట్సాప్‌లోనే అంటుకుంది.

వాళ్లలో ఒకాయన సిపాయి. 1665లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, అప్పట్లో తన వలసగా ఉన్న క్యూబెక్‌కు, అక్కడి ఆదివాసులైన ఇరోక్వాల మీద యుద్ధానికి కారిన్యాన్-సాలియేర్ రెజిమెంట్‌ను పంపాడు, వచ్చిన సుమారు 1200 మందిలో 400 మంది దాకా అక్కడే ఉండిపోయారు. పటాలంలో చాలామందికి మారుపేర్లుండేవి. లాఫ్లూర్ అంటే పువ్వు, సాన్‌సూసి అంటే చీకూచింతా లేనివాడు (తుపాకీ పట్టుకున్నోడికి పువ్వని పేరేంటో!). యుద్ధం అయిపోయినా ఆ పేరు పోలేదు, మన దగ్గర అలియాస్ అని రాసినట్టు అసలు ఇంటిపేరు పక్కన ‘ది’ (ఫ్రెంచ్‌లో ‘అనబడే’ అని) చేరి పిల్లలకీ వచ్చేసింది. సిపాయిలకే కాదు, ఊరిని బట్టో తల్లి వైపు పేరును బట్టో కూడా ఇవి పుట్టాయి. ఉడోన్ ది బోల్యూ వంశంలో కొందరు ఉడోన్‌లుగా, కొందరు బోల్యూలుగా మిగిలారు. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లని పేరు చూసి ఎవరు కనుక్కుంటారు?

బాప్తిస్మం పేర్లు ఇంకో తలనొప్పి. ముఖ్యంగా 19వ శతాబ్దంలో మగపిల్లాడైతే ముందు జోసెఫ్, ఆడపిల్లయితే ‘మరీ’ (మన మేరీయే), ఆ తర్వాత తరచుగా జ్ఞానతండ్రి పేరో జ్ఞానతల్లి పేరో, సాధారణంగా చివరిది పిలిచే పేరు. అంటే ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లందరూ ‘మరీ’లే. పైగా చనిపోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టేవాళ్లు. కోడలు తల పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది, అహోబిలం స్వామి పుణ్యమా అని మా వైపు పెద్దోబులేసు, చిన్నోబులేసు లేని ఊరుందా? దస్తగిరి అంటే హిందువో ముస్లిమో కూడా చెప్పలేం.

అయినా ఆ అమ్మాయి పైకి వెళ్లిపోతూనే ఉంది, దానికి కారణం ఆడవాళ్లు. పెళ్లయినా చర్చి రిజిస్టర్లలో, నోటరీ కాగితాల్లో పుట్టింటి పేరే రాసేవాళ్లు. తను పంపిన ఒక పెళ్లి రాతలో వంకర టింకర సిరా గీతల మధ్య పెళ్లికొడుకు తల్లిదండ్రులు, పెళ్లికూతురు తల్లిదండ్రులు, తల్లులిద్దరి పుట్టింటి పేర్లు, చివర ‘సంతకం చేయడం రాదన్నారు’ అనే మాట. ఒక్క పెళ్లి దొరికితే పై తరంలో నాలుగు పేర్లు చేతికొస్తాయి. అలా ఎక్కుతూ 1663, 1673 మధ్య రాజుగారి ఖర్చుతో ఓడెక్కి వచ్చిన దాదాపు 770 మంది ఆడపిల్లల్లో ఒకామె దాకా వెళ్లింది. రిజిస్టర్లు రెండు ప్రతులు రాసి ఒకటి కోర్టుకు పంపేవాళ్లు కాబట్టి చర్చి తగలబడినా చాలాచోట్ల రెండోది మిగిలింది.

అమెరికా బట్టల మిల్లులకు వలసపోయిన శాఖ దగ్గర మాత్రం బండి ఆగింది. అక్కడ ఇంటిపేర్లను ఇంగ్లీషులోకి మార్చేసుకోవడంతో రువా కాస్తా కింగ్ అయిపోయాడు, బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయిపోయాడు.

మా తాత నోటుబుక్కులో ఏడు తరాల మగవాళ్లున్నారు, ఒక్క ఆడపేరు లేదు. మా అవ్వ పుట్టిల్లు జమ్మలమడుగు వైపని తెలుసు గానీ, ఆ ఇంటిపేరు మా నాయనకే తెలియదు. పొలం కాగితాల్లో ఆమె ‘భర్త ఫలానా’, అంతే. ఆమె తరఫు చుట్టాల కోసం ఇప్పుడు ఊరి మీద పడి అడుగుతున్నా, వాళ్లేమో పొలం పంచాయితీ ఏదో తెస్తున్నాననుకుని ముందు నోరు విప్పడం లేదు.

ఈలోగా మా అక్క గొడవ వేరే. కోడలు మన ఇంటిపేరు ఎప్పుడు పెట్టుకుంటుందని పెళ్లైన దగ్గర్నుంచీ అడుగుతోంది. క్యూబెక్‌లో 1981 నుంచి చట్టప్రకారం పెళ్లయినా ఎవరి పేరు వాళ్లదే అత్తమ్మా, నేను మార్చుకుంటానన్నా మామూలుగా ఒప్పుకోరు అని ఆ పిల్ల వీడియో కాల్‌లో ఓపిగ్గా చెప్పింది. అక్క నమ్మలేదు. ఇదంతా కొడుకు నేర్పించిన మాటేనంటోంది.