ముందు నాది, తరవాత ఆయనది

"వదినా, అరవై దాటితే సర్వైవర్ బెనిఫిట్ ఇస్తారట, వెంటనే అప్లై చెయ్యి" అన్నాడు మా మరిది. అంటే, మా వారు పోయారు కాబట్టి, అమెరికా ప్రభుత్వ పింఛను సోషల్ సెక్యూరిటీలో ఆయనకి రావలసింది నాకు రావడం. నేను ఇబ్బంది పడకూడదనే అతని తాపత్రయం. కానీ నాకిప్పుడు 61. ఇప్పుడే అడిగితే పడే కోత జీవితాంతం ఉంటుంది.

మా వారి ఫైల్లో సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్ ఉంది. ఏ ఏడాది ఎంత సంపాదించారో వరసగా ఉంటుంది అందులో. 2009 ఎదురుగా చిన్న అంకె, ఉద్యోగం పోయిన ఏడాది. ఆ కాగితం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆయన కష్టాన్ని తొందరపడి తక్కువకి వదులుకోవాలనిపించలేదు.

ఆయనకి 67కి రావలసింది నెలకి 2,800 డాలర్లు. ఒక్క చెక్కూ అందుకోకుండా 64కే వెళ్ళిపోయారు. ఆ మొత్తం పూర్తిగా నాకు రావాలంటే నాకు 67 నిండాలి. 60కే తీసుకుంటే 71.5 శాతమే, ఇప్పుడైతే 2,100 పైచిలుకు. నా సంపాదన మీద నాకొచ్చే సొంత రిటైర్మెంట్ 67కి 1,500. 62కే తీసుకుంటే 1,050, 70 దాకా ఆగితే 1,860. ఎంత ఆగినా నాది ఆయనదాన్ని అందుకోదు. అందుకే వచ్చే ఏడాది నాది మొదలుపెట్టి, 67కి ఆయనదానికి మారతాను. ఆ తరవాత సర్వైవర్ బెనిఫిట్ ఆగినందుకు పెరగదు కాబట్టి, ఇంకా ఆగడం దండగ. సొంతది పెద్దదైన వాళ్ళు దీన్ని తిరగేసి, సర్వైవర్‌ ముందు తీసుకుని 70కి సొంతదానికి మారొచ్చు.

ఇలా విడివిడిగా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. అప్లికేషన్లో రిమార్క్స్ దగ్గర "ఇప్పుడు నా రిటైర్మెంట్ మాత్రమే, సర్వైవర్ కాదు" అని స్పష్టంగా రాయాలి. సర్వైవర్‌కి ఆన్‌లైన్ అప్లికేషన్ లేదు, ఫోన్ చెయ్యాలి, లేదా వాళ్ళ ఆఫీసుని సంప్రదించాలి.

ఉద్యోగం చేస్తుంటే ఇంకో సంగతి. 67 నిండే ఏడాదికి ముందు జీతం హద్దు దాటితే, దాటిన ప్రతి రెండు డాలర్లకీ ఒక డాలర్ ఆపుతారు. 2025లో ఆ హద్దు ఏడాదికి 23,400 డాలర్లు. నా పార్ట్‌టైమ్ జీతం అంతకి లోపే.

ఇన్సూరెన్స్ డబ్బుంది కాబట్టి నేను ఆగగలుగుతున్నాను. ఇల్లు గడవని వాళ్ళు, ఆరోగ్యం బాగాలేనివాళ్ళు ఆగకండి, ఇప్పుడే తీసుకోండి. నాకన్నా చిన్నవాళ్ళు మళ్ళీ పెళ్ళి ఆలోచనలో ఉంటే ఇదీ చూసుకోండి: 60 నిండాక చేసుకుంటే సర్వైవర్ హక్కు పోదు, అంతకుముందైతే ఆ పెళ్ళి నిలిచి ఉన్నంతకాలం రాదు.