పులికాట్‌లో మూడు రోజులు: నా అనుభవం

మొన్న ఆదివారం రాత్రి ఇంటికి చేరాను. మోకాళ్ల మీద గీతలు ఇంకా మానలేదు, కోపమూ చల్లారలేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాసేస్తున్నాను.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సూళ్లూరుపేటలో రైలు దిగడం, లాడ్జి దొరకడం, మూడు రోజులకు ఆటో మాట్లాడుకోవడం, అన్నీ గంటన్నరలో అయిపోయాయి. మొదటి సాయంత్రం నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాను. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటే మంచి ఫొటోలే వచ్చాయి.

కష్టమంతా రెండో రోజు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. మన దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అరణి, కాళంగి నదులు ఇందులో కలుస్తాయి, శ్రీహరికోట దీవి దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు నిండి, సంక్రాంతి దాటాక నీళ్లు వెనక్కి తగ్గుతాయి. నేను వెళ్లింది ఫిబ్రవరి చివర్లో. అంచులన్నీ ఎండి, తెల్లగా ఉప్పు పెచ్చు కట్టి ఉన్నాయి. నాకు కావాల్సిందీ అదే. ముందు పగుళ్లిచ్చిన నేల, దాని వెనక పల్చటి నీరు, ఆపైన పొద్దు పొడుపు. ఈ ఒక్క ఫొటో కోసం రెండేళ్లుగా అనుకుంటున్నాను.

చోటు చెప్పింది ఫొటో టూర్లు నడిపే ఒకాయన. పేరు రాయను. లొకేషన్ పంపినందుకు 1,500 రూపాయలు తీసుకుని, "ఆ పక్కంతా గట్టి నేల, కారు కూడా పోతుంది" అన్నాడు. తెల్లవారుజామున అక్కడ ఆటో ఆపి, "సార్, ఈడ దిగొద్దు. ఊరోళ్లు ఎవురన్నా వస్తే అడిగి పోదాం" అన్నాడు ఆటో అన్న. వెలుతురు పోతుందన్న టెన్షన్‌లో నేను వినలేదు.

వంద అడుగుల దాకా నేల నిజంగానే గట్టిగా ఉంది. ఆ తర్వాత కాలు పెట్టగానే పెచ్చు అప్పడంలా ఫట్‌మని విరిగింది. కింద నల్లటి రొంపి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. కుడికాలు మోకాలి దాకా దిగింది. దాన్ని లాగబోతే ఎడమకాలు తొడ దాకా పోయింది. ట్రైపాడ్ ఊతం పెట్టుకుంటే అదీ దిగబడిపోయింది. కెమెరా బ్యాగు నెత్తిన పెట్టుకుని, చేసేదేమీ లేక అలాగే నిలబడ్డాను. ఆటో అన్న టీకి వెళ్లాడు. రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్లు బైకు ఆపి, సాయానికి రాకుండా నన్ను ఫోన్‌లో వీడియో తీశారు. వాళ్ల నవ్వు నాకు స్పష్టంగా వినపడింది. లొకేషన్ ఇచ్చినాయనకు ఫోన్ చేస్తే, "నేను చెప్పింది రోడ్డుకు అటుపక్క కదా" అని పెట్టేశాడు. పంపిన మెసేజ్ నా దగ్గర ఇంకా ఉంది. పదకొండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను, కొల్లేరు, చిలికా అన్నీ తిరిగాను. ఏడుపు రావడం మాత్రం అక్కడే.

నలభై నిమిషాల తర్వాత రొయ్యలు ఏరుకోవడానికి పోతున్న ఒక పెద్దామె నన్ను చూసింది. చేతిలో తాటాకు బుట్ట.

"ఏందబ్బయా, ఆడికెందుకు పోయినావు? కదలబాక!" అని అరిచింది.

"కాళ్లు రావట్లేదవ్వా" అన్నాను.

"నిలబడితే ఇంకా దిగతావు. ఎనక్కి కూచో, పడుకో. మడమ తిప్పతా మెల్లంగా లాగు."

ఆమె చెప్పినట్టే వెల్లకిలా వాలాను. మడమ కదిపేకొద్దీ పక్కనుంచి నీళ్లు చేరి, రొంపి పట్టు వదిలింది. ఒక బూటు లోపలే ఉండిపోయింది. బయటికొచ్చాక ఆమె నేల చూపించి చెప్పింది: గొడ్ల అడుగులు ఉన్నచోట నడువు, నున్నగా తెల్లగా మెరిసే చోటికి పోబాక. 1,500 పుచ్చుకున్న మనిషికి ఈ మాట తెలియదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మూడో రోజు గొడ్ల దారినే వెళ్లి, నీటి అంచున ట్రైపాడ్ పెట్టాను. పొద్దు పొడిచే వేళకు రాజహంసలు (ఫ్లెమింగోలు) తలలు తలకిందులుగా ముంచి బురద జల్లించుకుంటున్నాయి. ఇక్కడివాళ్లు వీటిని సముద్రపు రామచిలుకలు అంటారు. నాకు దూరంగా ఒకతను అవి ఎగిరితే ఫొటో బాగుంటుందని రాళ్లు విసరబోతే గట్టిగా అరిచి ఆపాను. వేల మైళ్లు ఎగిరి తిండి కోసం వచ్చే పక్షులు కూడా చేరే చోటది, ఒక్క ఫొటో కోసం వాటి మేత చెడగొట్టడం పాపం. డ్రోన్ కూడా తీసుకెళ్లకండి, పక్కనే రాకెట్ కేంద్రం ఉంది.

ఉప్పు బురద తగిలిన ట్రైపాడ్‌ను ఆ రోజే మంచినీళ్లతో కడగాలి. నేను కడిగాను. అయినా నిన్న రాత్రి కాళ్ల బిగింపులు విప్పితే, లోపల్నుంచి ఇంకా నల్లటి నీళ్లే కారాయి.