ఫ్రీజర్‌లో పెట్టిన కొండ మట్టి

పదకొండు సంచుల మట్టిని చేజేతులా పాడుచేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ చెట్లు కూడా మొలవనంత ఎత్తు కొండల్లో సూక్ష్మజీవులు చలికాలం ఎలా గడుపుతాయో నాకు బుర్రకెక్కింది ఆ తర్వాతే.

ఆ కొండ మట్టితో ల్యాబ్‌కి చేరేసరికి రాత్రి పదయింది. అప్పుడు కూర్చుని జల్లెడ పట్టే ఓపిక లేదు. ఏడాదిలో సగం మంచు కిందే ఉండే మట్టికి చలి కొత్తా ఏమిటి అనుకుని, సంచులన్నీ మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పడేసి వెళ్లిపోయాను. పొద్దున సీనియర్ అక్క తలుపు తీసి చూసి, "నీకు ఫ్రిజ్ అని కదా చెప్పాను! బతికున్నవాటిని కొలవాలనుకుంటూ చంపి పెట్టావేంటి?" అంది.

మేం కొలిచేది ఆ మట్టి సూక్ష్మజీవుల ఒంట్లో ఉన్న నైట్రోజన్‌ని. గాలిలో దాదాపు ప్రతి 272 నైట్రోజన్ పరమాణువుల్లో ఒకదానికి ఒక న్యూట్రాన్ ఎక్కువ ఉంటుంది. అదే బరువైన నైట్రోజన్-15, మిగతావి తేలికైన నైట్రోజన్-14. ఇలాంటి రకాల్నే ఐసోటోపులంటారు. గాలిలోని నిష్పత్తిని సున్నా అనుకుని, మన శాంపిల్ దానికంటే వెయ్యికి ఎన్ని పాళ్లు అటూ ఇటూ ఉందో చెప్పేదే డెల్టా విలువ. మొత్తం కథంతా అయిదారు పాళ్లలోపే నడుస్తుంది.

సూక్ష్మజీవుల్ని పట్టకారుతో ఏరలేం కదా. అందుకే ఒక దొంగదారి ఉంది. ఒకే మట్టిని రెండు వాటాలు చేస్తాం. ఒక వాటాని డెసికేటర్‌లో (గాలి చొరబడకుండా మూత బిగించే గాజు పాత్రలో) పెట్టి, పక్కన చిన్న బీకర్‌లో క్లోరోఫాం పోసి, పంపుతో గాలి లాగేస్తాం. లోపల ఒత్తిడి తగ్గేసరికి పొయ్యి లేకుండానే క్లోరోఫాం బుడబుడమని మరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. 24 గంటలు ఆ ఆవిరిలో ఉంటే కణాల పొరలు పగిలి లోపలిది బయటకొస్తుంది. తర్వాత రెండు వాటాలనీ పొటాషియం సల్ఫేట్ నీళ్లలో కలిపి, షేకర్ మీద ఊపి, వడగడతాం. ఆవిరి పట్టినదాంట్లోంచి పట్టనిది తీసేస్తే మిగిలేది సూక్ష్మజీవులది. (ఆ ఉప్పునీళ్ల గాఢత మామూలుగా 0.5 మోలార్ ఉంటుంది. ఐసోటోపుల కోసమైతే 0.05 చాలు. లేకపోతే ఆరబెట్టాక చేతికొచ్చేదంతా ఉప్పే, అది ఐసోటోపుల్ని కొలిచే మెషీన్‌లో శాంపిల్‌ని మండించే గొట్టాన్ని తినేస్తుంది.)

నా తప్పు ఈ తీసివేతలోనే బయటపడింది. ఉదాహరణకి ఆవిరి పట్టిన వాటాలో 50 మైక్రోగ్రాముల నైట్రోజన్, డెల్టా 3.4 అనుకోండి. పట్టనిదాంట్లో 20 మైక్రోగ్రాములు, డెల్టా 1. లెక్క కడితే సూక్ష్మజీవుల 30 మైక్రోగ్రాములకి డెల్టా 5 వస్తుంది. మెషీన్ ఆ 3.4లో 0.2 తప్పు చెప్పినా, జవాబు 0.3 దాకే కదులుతుంది. ఇప్పుడు ఫ్రీజర్ ముందే కణాల్ని పగలగొట్టేసింది కాబట్టి పట్టని వాటాలోనే 45 ఉందనుకోండి. మిగిలింది 5. అదే 0.2 తప్పు ఇప్పుడు జవాబుని ఏకంగా 2 పాళ్లు ఊపేస్తుంది. నా ప్రింటవుట్ అచ్చం ఇలాగే ఉంది. పక్కపక్క సంచులకి ఒకదానికి 2, ఇంకోదానికి 9.

అసలు సూక్ష్మజీవుల్లో బరువైన నైట్రోజన్-15 ఎందుకు ఎక్కువ? మన ఒంట్లో ఎందుకు ఎక్కువో వాటిలోనూ అందుకే. తిన్నదాంట్లో కార్బన్ తక్కువై నైట్రోజన్ మిగిలిపోతే, జీవి దాన్ని బయటికి తోసేస్తుంది, మనం యూరియాగా, సూక్ష్మజీవులు అమ్మోనియంగా. తేలికది ముందు పోతుంది, బరువుది వెనక ఉండిపోతుంది. మట్టి సూక్ష్మజీవుల్లోనూ ఇదే జరుగుతోందనీ, కార్బన్‌కి కరువొచ్చేకొద్దీ ఆ తేడా పెరుగుతుందనీ పాల్ డైక్‌స్ట్రా అనే పరిశోధకుడి బృందం 2008లో చూపించింది. అంటే డెల్టా విలువ చూస్తే వాటి తిండి ఎలా ఉందో కొంత పోల్చుకోవచ్చు.

కొండ మీద ఈ తిండి సంగతి తమాషాగా ఉంటుంది. అమెరికాలో కొలరాడోలోని నైవట్ రిడ్జ్‌లో, 3,500 మీటర్ల ఎత్తున, ఏళ్ల తరబడి కొలిచారు. చలికాలమంటే అంతా నిద్రే అనుకుంటాం కదా, అక్కడ సూక్ష్మజీవుల రాశి బాగా పెరిగేది చలికాలం చివర్లో! మంచు మందంగా పడితే అది దుప్పటే. పైన గాలి ఎంత చల్లబడ్డా కింద మట్టి సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది, రేణువుల చుట్టూ పల్చటి నీటి పొర గడ్డకట్టకుండా నిలుస్తుంది. శరదృతువులో ఎండి రాలిన ఆకుల్ని తింటూ శిలీంధ్రాలు ఆ చీకట్లో కాపురం చేస్తాయి. మంచు కరిగేటప్పుడు ఆ రాశి ఒక్కసారిగా కూలిపోతుంది. వాటి ఒంట్లోని నైట్రోజన్ నీళ్లలోకి దిగుతుంది, అప్పుడే కళ్లు తెరుస్తున్న మొక్కల వేళ్లకి అందుతుంది. గాలికి మంచు నిలవని గట్ల మీద మాత్రం దుప్పటి ఉండదు, మట్టి రాయిలా బిగుసుకుపోతుంది.

నేను చేసింది అదే, ఇంకా దారుణంగా. దుప్పటి కింద సున్నా దగ్గర ఉన్నవాటిని లాక్కొచ్చి, ఒక్క రాత్రిలో మైనస్ 20కి తోసి, పొద్దున్నే కరిగించాను. నెలల తర్వాత కొండ మీద జరగాల్సిన విడుదల నా సంచుల్లోనే జరిగిపోయింది.

మళ్లీ వెళ్లాను. ఈసారి మంచు పారతో 80 సెంటీమీటర్లు తవ్వి, అడుగున మట్టిలో థర్మామీటర్ గుచ్చాను. పైన గాలి మైనస్ 14. మట్టి మైనస్ 0.3. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఆ రాత్రి పన్నెండున్నర దాకా కూర్చుని, సన్నటి వేళ్లన్నీ ఏరి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, ఫ్రిజ్‌లోనే పెట్టాను. పొద్దున్నే అక్క తలుపు తీసి చూసింది. ఏమీ అనలేదు, డెసికేటర్ మూతకి గ్రీజు రాయడం మొదలుపెట్టింది.