ఫోనులో 52, మిషన్‌లో 341

రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి, అయినా కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు షుగర్ వచ్చి 16 ఏళ్లు, ఇన్సులిన్ మొదలుపెట్టి నాలుగేళ్లు. రోజూ వేళ్లు గుచ్చి గుచ్చి సుద్దముక్క పట్టుకున్నా చురుక్కుమంటోంది (లెక్కల టీచర్ని లెండి). మా అబ్బాయి పోరగా పోరగా, వేలు గుచ్చకుండానే షుగర్ ఎంతుందో ఫోనులో చూపించే సెన్సార్ పెట్టించుకున్నాను. అది రెండు నిమిషాల పని. జబ్బ వెనకాల అంటించారు, చీమ కుట్టినట్టు కూడా లేదు. గంట ఆగితే ఫోనులో అంకె వచ్చింది. 14 రోజులు పనిచేస్తుంది, 5 వేల దాకా అయింది. అంటించిన కుర్రాడు యాప్ గురించి అరగంట చెప్పాడు, డబ్బులు కట్టించుకున్నాడు, కానీ "అమ్మా, మీరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారు" అని మాత్రం అడగలేదు.

నాలుగు రోజులు బాగానే గడిచింది. పెసరట్టు ఉప్మా తిన్నాక ఫోనులో షుగర్ గీత ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి ఉప్మా మానేశాను. తిన్న వెంటనే వేలి రక్తం 190 అంటే ఫోను 160 అనేది. సెన్సార్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే నీటిని, అందుకని ఐదు పది నిమిషాలు వెనకబడుతుంది. ఇది నేనే చదివి తెలుసుకున్నాను, స్టాఫ్ రూములో అందరికీ బోర్డు మీద గీత గీసి మరీ చెప్పాను.

ఇక నిన్న రాత్రి. రెండున్నరకి ఫోను అంబులెన్సులా అరిచింది. చూస్తే 52, అంటే షుగర్ బాగా పడిపోయిందని, పైగా బాణం కిందకి. నాకేమో చెమట లేదు, వణుకు లేదు. మా ఆయన మాత్రం "మాట్లాడకు, నోరు తెరు" అంటూ గ్లూకోజ్ పొడి డబ్బా తెచ్చేశారు. చీకట్లో మూడు చెంచాలు నేనే నోట్లో పోసుకున్నాను, సగం వేళ్లకే అంటుకుంది. అదే చేత్తో కూర్చున్నాను, అదే వేలు ఆయన గుచ్చారు. వేలి రక్తంతో షుగర్ చూసే మిషన్‌లో 341!

ఫోనేమో పంచదార తినమంటుంది, మిషనేమో ఇన్సులిన్ వేసుకోమంటుంది. ఇద్దరం మంచం మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 341 చూసి నా చెయ్యి ఇన్సులిన్ పెన్ను దాకా వెళ్లింది, ఆయన లాక్కున్నారు. ఆ ఒక్క పనికి ఆయనకి జన్మంతా దండం పెట్టొచ్చు.

ఎదురింటి ఆటో అబ్బాయిని లేపి నైటీ మీద చున్నీ వేసుకుని ఆసుపత్రికి పోయాం. క్యాజువాలిటీలో నర్సు వేలు శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, గుచ్చింది. 174. డ్యూటీ డాక్టరుకు నా కొడుకు వయసు కూడా ఉండదు.

"సెన్సార్ ఏ చేతికమ్మా?"

"ఎడమ."

"పడుకునేది?"

"ఎడమ పక్కకే..."

నవ్వేశాడు. జబ్బ మీద బరువు పడి నొక్కుకుంటే సెన్సార్ షుగర్ తక్కువని ఉత్తుత్తిగా చూపిస్తుందట. వేలికి తీపి అంటుకుంటే మిషన్ ఎక్కువని ఉత్తుత్తిగా చూపిస్తుందట. "చదువుకున్నవాళ్లు, చెయ్యి కడుక్కోవాలని తెలీదా అమ్మా" అన్నాడు, గట్టిగా, మంచాల మీదున్న ఎనిమిది మందికీ వినపడేలా. తల ఎత్తితే బిల్లు రాస్తున్న కుర్రాడు "టీచర్ గారూ, మీరా!" అన్నాడు. పదో తరగతిలో గ్రాఫు తప్పు గీశాడని నేను బెంచీ ఎక్కించినవాడే.

సెన్సార్ దండగ అనను. ఎక్కుతోందా దిగుతోందా అనేది అదే చెప్పాలి, వేలికి ఆ సంగతి తెలియదు. కానీ ఫోను ఒకటి చెప్పి ఒళ్లు ఇంకోటి చెబితే ముందు ఆ చెయ్యి మీద నుంచి లేవండి, సబ్బుతో కడుక్కోండి, తుడుచుకోండి, అప్పుడు వేలి పక్కన గుచ్చండి. చెమటలు పట్టి వణుకుతుంటే మాత్రం ఇవేవీ వద్దు, ముందు పంచదార తినేయండి. అంటించేవాళ్లు చెప్తారని మాత్రం కూర్చోకండి, వాళ్లకి తర్వాతి సెన్సార్ అమ్ముకోవడమే ధ్యాస.

తలగడ పక్కన ఇప్పుడు మిషను, స్ట్రిప్పుల డబ్బా, తడిగుడ్డ పెట్టుకున్నాను. కుడి పక్కకు తిరిగితే గోడ మొహానికి తగులుతోందని మంచం మీద చోట్లు కూడా మార్చుకున్నాం, పెళ్లయిన 28 ఏళ్లలో ఇదే మొదలు. కిటికీ గాలి పోయిందని ఆయన అప్పుడే సణుగుతున్నారు.