సకినాలు తిన్న సింకు

సకినాల పండుగ అయిపోయింది, సింకు పండుగ మొదలైంది. పిండి గిన్నెలు, నూనె మూకుడు అన్నీ అందులోనే కడిగితే ఇంకేమవుతుంది? నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. పైన తెల్లటి జిడ్డు తెట్టె, దాని మీద నాలుగు నువ్వులు.

ఫోన్లో చూసి అర కప్పు తినే సోడా వేసి, పైన వెనిగర్ పోశాను. బుస్సుమని పొంగింది. నా సంబరం చూడాలి! నురుగు తగ్గాక చూస్తే నీళ్లు అక్కడే. ఆ పొంగంతా కార్బన్ డయాక్సైడ్ గ్యాసేనట. సోడా, వెనిగర్ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, జిడ్డు మాత్రం హాయిగా ఉంటుంది.

అత్తమ్మ వెనక నుంచి, "గోలీసోడా దుకాణం పెట్టినవా బిడ్డా? కింద మూత విప్పరాదూ" అన్నది.

బకెట్ పెట్టి, సింకు కింద వంపు పైపు (ట్రాప్) మూత తిప్పాను. బియ్యప్పిండి, నూనె కలిసి గట్టిపడిన ముద్ద, మధ్యలో వాము గింజలు. మా నల్గొండ బోరు నీళ్లకు సబ్బు తెల్లపొర కట్టేది ఎలాగూ ఉంది. పాత బ్రష్‌తో గీకి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లు పోశాను. మరిగేవి కాదు, పీవీసీ పైపు మెత్తబడుతుంది. గడగడా దిగిపోయాయి.

యాసిడ్ సీసా తెస్తానన్న మా ఆయనను మాత్రం ఆపాను. పొద్దున్నే బాత్రూం మోరిలో బ్లీచింగ్ పౌడర్ చల్లాను, రెండూ పైపుల్లో కలిస్తే విషపు క్లోరిన్ గ్యాసు.

ఇప్పుడు మూకుడును పాత పేపరుతో తుడిచాకే సింకులో వేస్తున్నా. అత్తమ్మేమో ఇంటికొచ్చిన వాళ్లందరికీ సకినాలతో పాటు నా సోడా కథ కూడా వడ్డిస్తున్నది.