పైన్ వాసన కోసం రెండు తరాల మొక్కలు

లైసెన్సు ఉన్న గంజాయి పరిశోధన కేంద్రంలో నాకు అప్పగించిన పని ఒక్కటే: పైన్ చెట్టు వాసన వచ్చే రకాన్ని తయారు చేయడం. ముక్కు చురుగ్గా ఉంటే చాలనుకుని ఒప్పుకున్నాను.

తల్లి మొక్క త్వరగానే దొరికింది. పూత మీద వేలితో రుద్దితే అప్పుడే కోసిన కలప, నలిపిన రోజ్‌మేరీ ఆకు గుర్తొచ్చేవి. దాన్ని గుబురుగా పెరిగే ఇంకో రకంతో సంకరం చేశాం. మొదటి తరంలో దాదాపు అన్నీ మట్టి, పండిన మామిడి కలిసిన వాసనే. మిర్సీన్ అనే వాసన పదార్థం పైచేయి అయితే అంతే. పైన్ వాసననిచ్చే పైనీన్, ఈ మిర్సీన్, నిమ్మజాతి వాసననిచ్చే లిమొనీన్ అన్నిటికీ మొక్కలో ముడిసరుకు ఒకటే, జెరనిల్ డైఫాస్ఫేట్. ఏ ఎంజైము ఎక్కువ లాక్కుంటే ఆ వాసనే ముందుంటుంది. ఆ తరంలోని మొక్కల్నే తమలో తాము కలిపి రెండో తరం 80 మొక్కలు పెంచాం. వాసనలు విడిపోయి కనబడేది అక్కడే.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఐదారు మొక్కలు చూసేసరికి ముక్కు మొద్దుబారేది. బయటికెళ్లి కాసేపు గాలి పీల్చి, నా చొక్కా చేతిని వాసన చూసుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మొక్క నంబరు ముందే చూస్తే మనసు మోసం చేస్తుందని చీటీలు తిప్పి పెట్టించాను. అలా ఎంచిన వాటిలో 12వ మొక్కకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాను.

ఏ వాసన పదార్థం ఎంత ఉందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష రిపోర్టు చూసి నిర్ఘాంతపోయాను. 12లో పైనీన్ అంతంతమాత్రం, ఎక్కువగా ఉన్నది టెర్పినోలీన్ అనే ఇంకో పదార్థం! అదీ పైన్‌లాగే అనిపిస్తుంది కానీ కాస్త తియ్యగా, పూల ఛాయతో ఉంటుంది. పైనీన్‌లో ఒక రకమైన ఆల్ఫా పైనీన్‌ను, శుద్ధమైనది, కాగితపు పట్టీ మీద వేసి చూశాను. టర్పెంటైన్‌లా ముక్కులోకి సూటిగా దూసుకొచ్చింది. టర్పెంటైన్‌లో ప్రధానంగా ఉండేది పైనీన్లే కదా. పైనీన్‌కీ టెర్పినోలీన్‌కీ తేడా పట్టుబడటానికి నాకు వారం పట్టింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు ఆ వారం కేటాయించుకోవాలి, మొక్కల దగ్గరకు తర్వాత వెళ్లొచ్చు.

మళ్లీ మొత్తం 80 చూశాను. ఈసారి 47వ, 61వ మొక్కలు మిగిలాయి, రిపోర్టు కూడా అదే చెప్పింది. అయితే ఆల్ఫా పైనీన్ త్వరగా ఎగిరిపోయే పదార్థం. ఆరబెట్టే గదిలో రోజులు గడిచేకొద్దీ నాకు ఒకటే టెన్షన్. 61 ఆరాక ఎండుగడ్డిలా అయిపోయింది. 47వ మొక్క ముక్కను విరిచినప్పుడు మాత్రం తాజా పూతలో ఉన్న ఘాటు కొంత తగ్గినా, కలప వాసన అలాగే నిలిచింది. పక్కనున్న సహోద్యోగి చేతికిచ్చి ఏమీ చెప్పకుండా నిలబడ్డాను. "పైన్ కదూ" అంది.

47వ మొక్క కొమ్మలు నాటి ఉంచాం. విత్తనంతో పెంచినా అదే వాసన రావాలి కాబట్టి, దాని సంతతిని మళ్లీ దానితోనే సంకరం చేసే పని ఇప్పుడు నడుస్తోంది.