మోకాళ్ల నొప్పులున్నా చింక్వె తెర్రె చూడొచ్చు

ఎవరైనా చింక్వె తెర్రె వెళ్తున్నామంటే నేను ముందు అడిగేది, వెంట పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని. ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియాలో, కొండల్ని పట్టుకుని వేలాడే అయిదు ఊళ్లివి: మోంతెరొస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె. రంగురంగుల ఇళ్ల ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వాటిల్లో మెట్లు మాత్రం కనపడవు. తెనాలి దగ్గర్నుంచి మా దగ్గరికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చిన అమ్మానాన్నల్ని సెప్టెంబర్‌లో అక్కడికి తీసుకెళ్లాం. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నాన్న మాత్రం ఈ వయసులోనూ పొలం గట్ల మీద నన్ను వెనకేసి నడుస్తారు. ఈ ఇద్దరికీ సరిపడేట్టు ప్లాన్ వెయ్యాల్సి రావడం వల్ల తెలిసిన సంగతులే ఇవన్నీ.

బస సంగతి ముందు చూసుకోవాలి. ఊళ్లలో గదులు బాగా ఖరీదు. పైగా చాలా వాటికి లిఫ్ట్ ఉండదు, సామాను మోసుకుంటూ మూడో అంతస్తుకి ఎక్కాల్సిందే. మేం లా స్పెట్సియాలో దిగాం. అది మామూలు నౌకాశ్రయ పట్నం, నేల చదును, స్టేషన్ పక్కనే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి. అక్కణ్ణుంచి రియోమజ్జోరెకి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. విమానంలో వచ్చేవాళ్లకి పీసా దగ్గర, అక్కడి నుంచి లా స్పెట్సియాకి నేరుగా రైళ్లున్నాయి. కారు అద్దెకి తీసుకునే ఆలోచన మానుకోండి. ఊళ్లలోకి కార్లని రానివ్వరు, బయట పార్కింగ్ దొరకడం గగనం.

లా స్పెట్సియా నుంచి లెవాంతో వరకు ఊళ్లన్నిటినీ కలిపే రైలు సీజన్‌లో గంటకి రెండు మూడైనా ఉంటుంది. రోజుకి ఒకటి రెండు సార్లకంటే ఎక్కువ ఎక్కుతామనుకుంటే చింక్వె తెర్రె ట్రెయిన్ కార్డ్ కొనుక్కోవడం మేలు. రద్దీని బట్టి దాని ధర రోజుకో రకంగా ఉంటుంది. రైళ్లతోపాటు డబ్బు కట్టి నడవాల్సిన కాలిబాటలు, ఊళ్లలో తిరిగే చిన్న బస్సులు, స్టేషన్ టాయిలెట్లు అన్నీ అందులోనే. పెద్దవాళ్లతో ప్రయాణం చేసినవాళ్లకి ఆ చివరిదాని విలువ చెప్పక్కర్లేదు. కార్డు కాకుండా విడిగా కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రైలెక్కే తోపులాటలో జేబుదొంగలుంటారు, పాస్‌పోర్ట్ సంచి ముందుకి వేసుకోండి.

దారంతా దాదాపు సొరంగమే, మధ్యలో ఒక్క క్షణం సముద్రం మెరిసి మళ్లీ చీకటి. కాబట్టి రైల్లోంచి చూద్దాంలే అనుకోవద్దు. ఒకే రోజులో అయిదు ఊళ్లూ చుట్టేసేవాళ్లని చూశాను, వాళ్లు చూసేది ప్రధానంగా అయిదు ప్లాట్‌ఫారాలు. రోజుకి రెండు ఊళ్లు చాలు, అదీ పొద్దున పదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత. మధ్యలో ఫ్లోరెన్స్ నుంచి బస్సులవాళ్లూ, లా స్పెట్సియాలో ఆగిన క్రూయిజ్ ఓడలవాళ్లూ దిగుతారు. ఆ వేళకి మేం గదికి వచ్చి అన్నం తిని పడుకునేవాళ్లం.

ఇక మోకాళ్ల లెక్క. మోంతెరొస్సో అన్నిటికన్నా చదును, పెద్ద ఇసుక తీరం ఉన్నది కూడా అక్కడే. 1975లో నోబెల్ అందుకున్న కవి యూజెనియో మొంతాలె చిన్నప్పటి వేసవులు గడిపిన ఊరు. అమ్మ అక్కడ పొద్దుటి పూటంతా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. వెర్నాత్సాలో స్టేషన్ నుంచి రేవుదాకా ఒకటే వీధి, మెల్లగా దిగుతుంది, పెద్ద కష్టం లేదు. రియోమజ్జోరె, మనరోలాల్లో స్టేషన్ నుంచి సొరంగంలో చదునుగానే నడుస్తాం గానీ ఊళ్లోకి వెళ్లాక వీధి నిటారుగా ఉంటుంది. కొర్నీల్యా కొండ మీద ఉంది, స్టేషన్ కింద ఉంది. మధ్యలో 382 మెట్లు. నాన్న ఎక్కి వెళ్లారు. అమ్మా నేనూ స్టేషన్ ముందు ఆగే చిన్న బస్సెక్కి ఆయనకంటే ముందే పైకి చేరి, ఆయన వస్తుంటే చూస్తూ కూర్చున్నాం.

కాలిబాటల్లో అందరికీ తెలిసింది రియోమజ్జోరె, మనరోలాల మధ్య ఉండే వియా దెల్ల'అమోరె. దూరం కిలోమీటరు లోపే, దాదాపు చదును. 2012లో రాళ్లు పడి మనుషులకి దెబ్బలు తగలడంతో మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. దానికి విడిగా, ఫలానా సమయానికని టికెట్ తీసుకోవాలి, ముందే బుక్ చేసుకోండి. అమ్మ నడవగలిగిన బాట అదొక్కటే. మోంతెరొస్సో నుంచి వెర్నాత్సాకి వెళ్లేది వేరే సంగతి. మూడున్నర కిలోమీటర్లే కదా అనిపిస్తుంది గానీ రెండు గంటలు పడుతుంది. మెట్లు ఎగుడుదిగుడు, కొన్నిచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు కొండకి ఆనుకుని నిలబడాలి. హవాయి చెప్పులతో ఈ బాటల్లో దొరికితే జరిమానా వేసే నిబంధన కూడా ఉంది, అది అతి అని నాకేం అనిపించలేదు. గట్టి వాన హెచ్చరిక ఉంటే బాటలు మూసేస్తారు. ముందురోజు రాత్రే చింక్వె తెర్రె నేషనల్ పార్క్ వెబ్‌సైట్ చూసుకోవాలి.

ఆ మోంతెరొస్సో, వెర్నాత్సాల మధ్య బాట మీద నాన్న సముద్రం వైపు చూసింది తక్కువ. ఆయన కళ్లన్నీ గోడల మీదే. కొండంతా మెట్లు మెట్లుగా కోసి, సిమెంటూ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలవి. వాటి మీద ద్రాక్ష తీగలు. "ఒరే, ఒక్క రాయి జారితే పైనున్న మట్టంతా వచ్చేస్తుంది కదరా, ఎవరు బాగు చేస్తారు?" అన్నారు. ఆయన అడిగిందే అసలు సమస్య. సేద్యం వదిలేసి జనం వెళ్లిపోయినచోట గోడలు కూలి కొండ జారుతోంది. 2011 అక్టోబర్ 25న కుండపోత వానకి వెర్నాత్సా, మోంతెరొస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి, మనుషులు చనిపోయారు. ఇంత నిటారు వాలు మీద ట్రాక్టర్ ఎక్కదు, కోసిన ద్రాక్షని ఒంటిపట్టా మీద నడిచే చిన్న బండిలో కిందికి దింపుతారు. మేం వెళ్లినప్పుడు కోత నడుస్తోంది. ఆ బండి గడగడలాడుతూ పోతుంటే నాన్న తీసుకున్న వీడియో మా ఊళ్లో ఇంకా తిరుగుతోంది. కొన్ని ద్రాక్ష గుత్తుల్ని నీడలో వారాల తరబడి ఆరబెట్టి షాకెత్రా అనే తియ్యటి వైన్ చేస్తారు. చిన్న గ్లాసే బోలెడు ధర. ఆ గోడలు చూశాక బేరమాడాలనిపించదు.

శాకాహారులకి ఇటలీలో ఇంతకన్నా సుఖమైన చోటు తక్కువ. తులసి జాతి ఆకుతో చేసే పెస్తో అనే పచ్చడికి పుట్టిల్లే లిగూరియా. బంగాళదుంప, చిక్కుడుకాయ వేసి త్రోఫియె పాస్తాతో పెడతారు. అందులో చీజ్ ఉంటుంది, అసలే వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. అమ్మకి నచ్చింది మాత్రం ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. లా స్పెట్సియాలో వేడివేడిగా కోసి కాగితంలో పెట్టిస్తారు, నాలుగు యూరోల లోపే కడుపు నిండుతుంది. మన శనగపిండి అట్టే, ఉల్లిపాయ, పచ్చిమిర్చి లేవంతే, ఆ లోటు మా ఆవకాయ తీర్చింది. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పచ్చళ్లు ఫరవాలేదు గానీ నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలూ మాంసమూ యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. హోటల్లో కూర్చుంటే బిల్లులో మనిషికింతని కోపెర్తో అనే రుసుము పడుతుంది, మోసమేమీ కాదు, అక్కడి పద్ధతి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక.

ఆఖరిగా పడవ. మెట్లెక్కలేనివాళ్లు ఈ తీరాన్ని మొత్తంగా చూడాలంటే అదే దారి. లా స్పెట్సియాలో ఎక్కితే పోర్తొవెనెరె అనే తీరపు ఊరి మీదుగా వెళ్తుంది, కుడివైపు కూర్చోండి. కొర్నీల్యాలో ఆగదు, దానికి రేవు లేదు. దిగే పలక సన్నగా ఉంటుంది, పైగా ఊగుతుంది. సిబ్బంది చెయ్యి అందిస్తారు, అమ్మ మొహమాటపడకుండా పట్టుకుంది. చలికాలంలో పడవలుండవు. సీజన్‌లోనూ సముద్రం కాస్త పొంగితే ఆపేస్తారు, అందుకే చివరి రోజుకి మిగల్చకుండా మొదట ఎండ కాసిన రోజే ఎక్కెయ్యండి.